ఊఁ కొట్టేదెవరు

ప్రయోగశాల నేలమాళిగలో ఉంది. కిటికీలు లేవు. దీపాలార్పితే మిట్టమధ్యాహ్నమైనా కన్ను పొడుచుకున్నా కనపడదు. పాత తివాచీ కంపు, వేడెక్కిన తీగల వాసన, ఆగని పంకాల హోరు. వీటి మధ్యే కొన్నాళ్లుగా తల బద్దలు కొట్టుకుంటోంది ఒక పరిశోధకురాలు.

వెలుగునైనా మింగేసే కృష్ణబిలంలో పడిన సమాచారం నశిస్తుందా, లేక బిలం ఆవిరైపోతూ వెదజల్లే వేడిలో ముక్కలై బయటికొస్తుందా అన్నది ఆమె తేల్చాల్సిన సంగతి. అందుకోసం కంప్యూటర్లో ఒక నకిలీ బిలం తయారుచేశారు. ఏదో ఒక శబ్దం అందులో పడేస్తారు. బయటికొచ్చే రొదలోంచి దాన్ని మళ్లీ ఏరాలి. ఒకే సమాచారం రెండుచోట్ల ఉండకూడదని నియమం, కాబట్టి పడెయ్యగానే అసలును చెరిపేస్తారు.

ఆ చెరిపే పని సహోద్యోగిది. ఏ ప్రయోగం చేసినా ఫలితం శూన్యమే గనుక ఆయన్ని అందరూ సున్నాగారంటారు. ఫోను పాడైపోతుంటే ఆమె, చనిపోయిన తల్లి ఆఖరిసారి వాయిస్ మెసేజిగా పంపిన మాటల్ని తీసి, బుద్ధి గడ్డి తిని ప్రయోగపు శబ్దాల పక్కనే దాచుకుంది. సున్నాగారు దాన్నీ బిలంలో పడేసి, అసలును చెరిపేశారు.

ఆమె కడిగిపారేస్తే, "శబ్దాల్లో ఉంది, శబ్దమే అనుకున్నానమ్మా," అన్నారు.

అప్పట్నించీ చెవులు రిక్కించి వినడమే. రొద తప్ప ఏమీ లేదు. బల్ల గుద్దింది, సున్నాగారి మీద విరుచుకుపడింది, చివరికి తల్లి మీదే ఒళ్లు మండిపోయింది. బతికున్నన్నాళ్లూ నోరు మూతపడని మనిషికి ఇప్పుడేమొచ్చింది?

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. సున్నాగారు తడుముకుంటూ పైకెళ్లారు. పంకాలు ఆగాయి. బ్యాటరీ మీద కంప్యూటరొక్కటే నడుస్తోంది.

రొద సన్నబడింది... ఇంకా సన్నబడింది...

స్పీకర్లో ఎవరో ఊపిరి పీల్చారు.

"అమ్మడూ... వేళకింత తిను. ఊరికే విసుక్కోకు. ఉంటా మరి."

పొల్లు పోకుండా అవే మాటలు. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. సందేశం అక్కడితో అయిపోవాలి.

అయిపోలేదు.

"వింటున్నావా? ఊఁ అనవేం?"

ఆ మాట అసలులో లేదు. కానీ ఎవరూ ఊఁ కొట్టకపోతే తల్లి అలిగి మాట ఆపేసేది. ఇప్పుడు ఆపేస్తే మళ్లీ దొరకదు.

"ఊఁ," అని బల్ల మీది మైకులోకి గొణిగింది.

రొద ఒక్కసారి పొంగి, మళ్లీ సన్నబడింది.

"నువ్వు కాదమ్మా," అంది తల్లి, పరాయి పిల్లతో మాట్లాడినట్టు. "నా పక్కనున్న మా అమ్మాయిని అడుగుతున్నా."

"ఊఁ," అన్నారు బిలం లోపల ఎవరో.

ఆ గొంతు తనదే.

ఆమెకి భయం కన్నా ముందు ఉక్రోషం తన్నుకొచ్చింది. ఇన్నాళ్లూ ఏరుకున్నది తను. ఏడ్చింది తను. అమ్మా అని గట్టిగా అరవబోయింది. నోరు తెరుచుకుంది... చెరిపేసిన అసలులా, శబ్దం రాలేదు.

స్పీకర్లోంచి వచ్చింది. "అమ్మా..."

"ఆఁ, చెప్పవే," అంది తల్లి, ముద్దుగా.