కింద గదిలో పేజీలు తిప్పేదెవరు

చిట్టీ, విను. ముందు ఆ గది సంగతి చెప్తా, తర్వాత మిగతాది.

మా పాత వీధిలో లైబ్రరీ ఉండేది. దాని కింద ఒక గది. చీకటి పడితే ఆ గదిలోకి ఎవరూ దిగేవాళ్ళు కాదు. వాచ్‌మన్ కూడా! ఎనిమిదింటికి పైన తలుపులకి తాళం వేసి, మెట్ల వైపు చూడకుండా గబగబా గేటు దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. అడిగితే, "నన్ను పెట్టుకుంది గేటుకమ్మా, గదికి కాదు" అనేవాడు.

పగలు దిగితే ఏమీ ఉండదు. చెమ్మ వాసన, ఆరు బీరువాలు, మధ్యలో ఒక బల్ల. బీరువాల నిండా పుస్తకాలు... రెండు వందల పైచిలుకు, అన్నీ భయం కథలే. పాడుబడ్డ మేడలు, గోడల్లోంచి ఏడుపులు, తాళం వేసిన గదిలో అడుగుల చప్పుళ్ళు, అలాంటివి.

రాత్రి మాత్రం... లోపల పేజీలు తిప్పుతున్న చప్పుడు. దీపం లేదు, మనిషి లేడు. ఒక పేజీ... కాసేపాగి ఇంకో పేజీ. ఒకసారి ఎవరో నిట్టూర్చారట కూడా.

నువ్వు అడిగావుగా, "అత్తా, జనం కోరి కోరి భయం కథలు ఎందుకు చదువుతారు? కాలేజీలో దాని మీద మాట్లాడాలి" అని. నెట్‌లో వెతికితే పదిహేను కారణాలు దొరికాయన్నావు. అవి పక్కన పెట్టు. ఇది మీ ఇంట్లో సంగతే. మీ నాన్న నీకు చెప్పి ఉండడు, పరువు పోతుందని. నాకు చెప్పాడు. చెప్పకపోతే నేను వదుల్తానా?

మీ నాన్న అప్పటికే పుస్తకాలు బైండింగ్ చేసేవాడు. పనిలో దిట్టే. ధైర్యం విషయంలో మాత్రం... ఏం చెప్పమంటావు. చిన్నప్పుడు రాత్రిపూట పెరట్లోకి వెళ్ళాలంటే నేను దీపం పట్టుకుని గుమ్మంలో నిలబడి పాట పాడుతూ ఉండాలి. పాట ఆగిందా, పరిగెత్తుకొచ్చేసేవాడు. ఏ స్థితిలో వచ్చేవాడో నీకు చెప్పను, తండ్రి కదా.

మీ అమ్మ ఆ లైబ్రరీలోనే లైబ్రేరియన్. వాళ్ళ పెళ్ళి ఊసే లేదింకా. మీ నాన్నకి మనసులో ఉందనుకో. నోట్లో ఉండొద్దూ! "మేడమ్", "సరే మేడమ్", "ఆరాక తెస్తా మేడమ్" — మూడేళ్ళుగా ఈ మూడు మాటలే.

మీ అమ్మ గొంతు నీకు తెలుసుగా, వంటింట్లో మాట్లాడితే పక్కింటివాళ్ళు "మమ్మల్నేనా?" అంటారు. ఆ గొంతుతో ఒక పద్ధతి పెట్టుకుంది. ఎవరు పుస్తకం తీసుకున్నా రిజిస్టర్‌లో రాసి, రాసింది పైకి చదివేది. పుస్తకం పేరు, మనిషి పేరు, తిరిగివ్వాల్సిన తేదీ. తప్పు పడకూడదని! హాల్లో పేపర్లు చదువుకునే వాళ్ళందరూ తలెత్తి చూసేవాళ్ళు. ఈ పద్ధతి గుర్తుపెట్టుకో, పని ఉంది దీంతో.

ఒక శనివారం మీ నాన్న బాగుచేసిన పుస్తకాలు తీసుకెళ్తే, మీ అమ్మ మొహం వేలాడేసుకుని కూర్చుంది.

"బైండరు గారూ, ఇవి కిందకే కదా... ఇక శ్రమ పడకండి. సోమవారం పొద్దున కాగితాల మిల్లు బండి వస్తోంది. కింద గది మొత్తం ఖాళీ చేసెయ్యమని ప్రెసిడెంటు గారి ఉత్తర్వు."

ప్రెసిడెంటు అంటే లైబ్రరీ కమిటీకి ప్రెసిడెంటు, రిటైరైన హెడ్మాస్టరు. దెయ్యాల్లేవు, అంతా భ్రమ అని పిల్లలకి ఉపన్యాసాలిచ్చే మనిషి.

"ఎందుకు మేడమ్?"

"మూడేళ్ళుగా కింద గది పుస్తకాలకి రిజిస్టర్‌లో ఒక్క పేరు లేదు. చదివేవాళ్ళు లేని పుస్తకాలు ఉంచడం దేనికంటారు."

మీ నాన్నకి ఎక్కడలేని పౌరుషం వచ్చింది. ఆ పుస్తకాల్లో సగం వాడి చేతి కుట్టే మరి. "చదివేవాళ్ళు లేకపోతే నా దగ్గరికి ఇన్నిసార్లు ఎందుకొస్తున్నాయి మేడమ్? బీరువాలో ఊరికే కూర్చున్న పుస్తకం వెన్ను విరుగుతుందా?" అని ఒక్కో పుస్తకం తెరిచి చూపించాడు. ఒకదాంట్లో పేజీ పేజీకి లవంగం నూనె వాసన. ఒకదాంట్లో అచ్చుతప్పులన్నీ ఎర్ర సిరాతో దిద్దేసి ఉన్నాయి. ఒకదాంట్లో గుర్తుకోసం పెట్టిన దారం ముక్కలు. ఇంకొన్నిటికైతే చివరి పేజీలే ఊడిపోయి వస్తాయి, ఎవరో కథ ముగింపు దగ్గరే పదే పదే తెరిచినట్టు.

"నలుగురున్నారు మేడమ్. పుస్తకం వెన్ను అబద్ధమాడదు."

మీ అమ్మ చివరి పేజీ ఊడిన పుస్తకం ఒకటి గబుక్కున మూసేసి, "వెన్ను సంతకం పెట్టదు కదండీ" అంది. తర్వాత గొంతు తగ్గించి — మీ అమ్మ గొంతు తగ్గించిందంటే ఆలోచించుకో — "ఒక్కరు. ఒక్కరంటే ఒక్క మనిషిని నాకు చూపించండి. పేరు రాసుకుని బండి ఆపిస్తా" అంది. అని, కింద గది తాళంచెవి వాడి చేతిలో పెట్టింది.

చూపించకపోతే రెండు వందల పుస్తకాలూ ముద్దయిపోతాయి. ఆవిడ ముందు వీడి మాటా అంతే! అందుకని వెళ్ళాడు. ఆదివారం రాత్రి... ఒక్కడే.

ఎనిమిదిన్నరకి మెట్లు దిగాడు. చేతిలో టార్చి, చంకలో జిగురు డబ్బా. డబ్బా దేనికిరా అంటే, "ధైర్యానికక్కా" అన్నాడు. పనిముట్టు చేతిలో ఉంటే పని మీద వచ్చినట్టు ఉంటుందట, భయపడుతూ వచ్చినట్టు ఉండదట. డబ్బా మధ్యలో బల్ల మీద పెట్టాడు. తను వెళ్ళి చివరి బీరువా వెనక నక్కాడు. గోడకి లైటు స్విచ్చు సరిగ్గా భుజం పక్కనే. టార్చి ఆర్పేశాడు.

చీకటి... కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి.

తొమ్మిదైంది. ఏమీ లేదు.

తర్వాత —

పేజీ.

మెట్ల కిందనుంచి, చాలా మెల్లగా. మళ్ళీ పేజీ. కాసేపటికి పైన ఎక్కడో కిర్రుమని... ఏదో జారినట్టు... ధబ్. ఇప్పుడు కుడివైపునుంచి కూడా పేజీ. ఆ తర్వాత మెట్ల మీద అడుగులు. ఒకటి... రెండు... దిగుతున్నాయి. తాళం తీసిన చప్పుడు లేదు. దిగి, వాడి బీరువాకి అవతలివైపు ఆగాయి.

అక్కడా పేజీ.

మూడు వైపులా! కుడిపక్కకి చూస్తే చీకట్లో ఎర్రగా, నిప్పు కణికలా ఒక మచ్చ. ఉండీ ఉండీ మసకబారుతోంది. దాని దగ్గర్నుంచి సన్నగా... నవ్వు. మెట్ల కిందనుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. బీరువా అవతల్నుంచి ఎవరో గుసగుసగా, "వద్దు... ఆ తలుపు తియ్యొద్దే పిచ్చిదానా... వద్దు..."

స్విచ్చు భుజానికి తగుల్తోంది. చెయ్యి లేవట్లేదు. నేను పాడే పాట గుర్తు తెచ్చుకుందామని చూశాడట పాపం, రాగం కూడా గుర్తు రాలేదట.

సరిగ్గా అప్పుడు —

దభీమని జిగురు డబ్బా కింద పడింది.

పేజీలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఒక్క క్షణం... తర్వాత నాలుగు గొంతులు ఒకేసారి, "దెయ్యం!!"

నాలుగోది మీ నాన్నది. అరుపుతో పాటు చెయ్యి కూడా లేచింది. స్విచ్చు నొక్కాడు.

లైటు వెలిగింది.

బీరువా పక్కన దుప్పటి ముసుగులో టార్చి పెట్టుకుని, పుస్తకం గుండెకి హత్తుకుని... ప్రెసిడెంటు గారు! చెవి మీద ఎర్ర సిరా పెన్ను. కుడివైపు స్టూలెక్కి వణుకుతూ పళ్ళ డాక్టరు. ఎర్ర రుమాలు చుట్టిన టార్చి చేతిలో ఉంది, గది నిండా లవంగం నూనె వాసన. మెట్ల కింద, మా వీధిలో బట్టలు కుట్టే పెద్దావిడ, కొంగు చాటున చిన్న టార్చి, మెడలో టేపు, వేళ్ళకి దారం చుట్టుకుని ఉంది.

ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"మీరా?" అన్నాడు డాక్టరు.

"నువ్వెలా వచ్చావయ్యా?" అన్నాడు ప్రెసిడెంటు.

"వెంటిలేటర్లోంచి. మీరు?"

"నా దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. ఇవాళ దాంతో పనే పడలేదు, తలుపు తీసే ఉంది. అమ్మా, మీరు?"

"నేను మూసే వేళకే మెట్ల కింద కూర్చుంటా బాబూ, మీ అంత కష్టం నాకెందుకు" అంది పెద్దావిడ.

ఎన్నాళ్ళనుంచి అంటే, ఒకరు ఏడాదన్నారు, ఒకరు రెండేళ్ళన్నారు. ఎవరి మూల వాళ్ళది, ఎవరి ముసుగు వాళ్ళది. పక్క మూలలోంచి వచ్చే చప్పుడు దెయ్యమనే ముగ్గురూ అనుకున్నారట!

మీ నాన్నకి బుర్ర తిరిగింది. "దెయ్యం ఉందనుకుని మళ్ళీ ఎందుకొచ్చారండీ?"

డాక్టరు నవ్వాడు. "అదే కదయ్యా మజా! ఇంట్లో పడుకుని చదివితే పది పేజీలకే నిద్రొస్తుంది. ఇక్కడ మంచి భాగం రాగానే అటునుంచి నిట్టూర్పు వస్తుంది చూడూ... ఒళ్ళు జల్లుమంటుంది. పొద్దున లేచి చూసుకుంటే అన్నీ ఉన్నచోటే ఉంటాయి, నేనూ ఉంటా. భలే ఉత్సాహంగా ఉంటుంది."

పెద్దావిడ అంది, "మా ఆయన పోయాక ఇంట్లో చప్పుడే లేదు బాబూ. ఇక్కడైతే ఎవరో ఒకరు ఊపిరి తీస్తూ ఉంటారు. దెయ్యమైతేనేం, తోడు తోడే కదా."

ఈ మాట మీ కాలేజీలో చెప్పు చిట్టీ. పదిహేనులో ఇది ఉందో లేదో చూసుకో.

"మరి రిజిస్టర్‌లో రాయించి పట్టుకెళ్ళొచ్చుగా?" అన్నాడు మీ నాన్న.

ముగ్గురూ ఒకేసారి పైకప్పు వైపు చూశారు.

"ఎలా రాయించమంటావ్? నా పేషంట్లు హాల్లో కూర్చుని ఉంటారు. మేడమ్ గొంతెత్తి 'నెత్తుటి కోరలు, పళ్ళ డాక్టరు గారు, పదిహేనో తేదీ' అని చదివితే... ఆ తర్వాత ఎవడైనా నా ముందు నోరు తెరుస్తాడా?"

ప్రెసిడెంటు గారు తల వంచుకున్నారు. "నా సంగతి మీకు తెలుసుగా. ఈ గది ఖాళీ చెయ్యమంది కూడా అందుకే. పగలు లేవంటాను, రాత్రి ఇక్కడ వణుకుతాను. మానాలని చూశా, నా వల్ల కాలేదు. పుస్తకాలే లేకపోతే మానేస్తానని..."

మీ నాన్న వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. లవంగం నూనె అయింది, ఎర్ర సిరా అయింది, దారం అయింది. "మరి చివరి పేజీ ముందే చదివేది ఎవరు?"

"ఛీ ఛీ!" అన్నారు ముగ్గురూ. "ముగింపు ముందే చదివితే ఇంకేం మిగుల్తుంది?"

అప్పుడు... మెట్ల మీద మళ్ళీ అడుగులు.

నలుగురూ బల్ల వెనక్కి చేరారు. పెద్దావిడ డాక్టరు చెయ్యి పట్టుకుంది. డాక్టరు మీ నాన్న చొక్కా పట్టుకున్నాడు.

మీ అమ్మ! వీడొక్కడూ ఏమైపోతాడోనని ఇంటికి వెళ్ళకుండా పైన హాల్లో కూర్చుందట. అరుపులు విని పరిగెత్తుకొచ్చింది. చేతిలో పుస్తకం. వేలు ఎక్కడ పెట్టి ఉందో మీ నాన్న చూశాడు. చివరి పేజీలో.

వేలు తియ్యకుండానే మెల్లగా అంది, "అందులోవాళ్ళు ఆఖరికి బతికి బయటపడతారని తెలిస్తేనే నాకు ముందుకు చదవబుద్ధవుతుంది. లేకపోతే నిద్రపట్టదు."

"మీరే చదువుతూ... ఒక్కరిని చూపించమన్నారేంటి మేడమ్?"

"నా పేరు నేనే రాసుకుని, నా పుస్తకం పేరు నేనే పైకి చదువుకోవాలా? సిగ్గేసింది. ఇంకెవరైనా ఉంటే నా అవసరం పడదనుకున్నా."

తర్వాత ఏం చేసిందో తెలుసా? గిర్రున తిరిగి పైకి వెళ్ళింది. వెనకాలే ఈ నలుగురూ. రిజిస్టర్ తెరిచి, మొదటి వరసలో తన పేరే రాసింది. రాసి — ఆ రాత్రిపూట, ఖాళీ హాల్లో, ఆ గొంతుతో — "తలుపు వెనక తల్లి! లైబ్రేరియన్! పదిహేనో తేదీ!" అని చదివింది. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలోంచి పడ్డాడట. తర్వాత ప్రెసిడెంటు గారు, డాక్టరు, పెద్దావిడ. ఆఖర్న మీ నాన్న. వాడు జన్మలో ఒక్క దెయ్యం కథ చదివినవాడు కాదు, అయినా రాయించాడు. నాలుగో మాట ఆ రాత్రే దొరికింది వాడికి, "రేపు కూడా రానా మేడమ్?"

సోమవారం బండి ఖాళీగా వెళ్ళింది. మీ అమ్మ పైకి చదవడం మానేసింది. నెల తిరక్కుండా సగం వీధి కింద గది పుస్తకాలే పట్టుకెళ్ళింది.

ఆ... ఉండు, అయిపోలేదు.

పెళ్ళయ్యాక ఒకరోజు నేను మీ నాన్నని ఏడిపించా. "ఒరేయ్, నీ పిరికితనమే పుస్తకాల్ని కాపాడింది. నువ్వు వణికి ఆ డబ్బా తన్నకపోయుంటే, చప్పుడు చెయ్యకుండా తెల్లారేదాకా నక్కి, ఖాళీ చేతుల్తో ఇంటికొచ్చేవాడివి" అన్నా.

వాడు నవ్వలేదు చిట్టీ. "అక్కా, నేను తన్నలేదు. డబ్బా బల్ల మీద ఉంది. నేను బీరువా వెనక ఉన్నా" అన్నాడు.

డాక్టర్ని అడిగా. మూలలోంచి కదల్లేదన్నాడు. పెద్దావిడ మెట్ల కింద. ప్రెసిడెంటు గారు ఒట్టేశారు. మీ అమ్మ పైన ఉంది. బల్ల దగ్గర ఎవరూ లేరు.

ఆ పుస్తకాలు పోకూడదని ఇంకెవరికి ఉందో మరి!

మీ నాన్న గాలి అంటాడు, జిగురు డబ్బాని పడగొట్టేంత గాలి ఆ గదిలో ఎక్కడిది. మీ అమ్మనడిగితే మాత్రం మొహం వెలిగిపోతుంది. చివరి పేజీ ఏదో ముందే తెలియని కథ ఆవిడకి ఇదొక్కటే. ఇప్పటికీ ఏడాదికోసారి, ఆ రోజు రాత్రి, మీ నాన్నని వెంటేసుకుని ఆ గదిలో లైటార్పి కూర్చుంటుంది. నీకు పెళ్ళిరోజని చెప్తారు చూడు, అదే.

బల్ల మీద జిగురు డబ్బా పెట్టుకుని మరీ కూర్చుంటారు.