కదలని ముల్లు

"ఆ పొడి ల్యాబ్ గడప దాటకూడదు. అడ్డొస్తే ఎవరినైనా కాల్చెయ్," అన్నాడు చీఫ్, పిస్తోలు బల్ల మీద పెట్టి.

"ఎవరినైనా అంటే?" అడిగాడు ఏజెంట్ డేగ.

"మీ ఆవిడనైనా."

డేగ పిస్తోలు అందుకున్నాడు. చెప్పాపెట్టకుండా ఇల్లు విడిచిపోయిన భార్య ఇప్పుడు దేశరహస్యాన్నే అమ్మబోతోందట. క్షిపణుల కంప్యూటర్ మెమరీ కోసం ఆమె తయారుచేసిన ఇనుప సమ్మేళనం ఆ పొడి. చల్లగా ఉంటే ఊదారంగు, వేడెక్కితే తెలుపు. పెళ్ళైన కొత్తలో ఆమే చెప్పింది.

"చల్లగా ఉన్నప్పుడు అందులో ఎలక్ట్రాన్లు జంటలు కట్టుకుని ఉంటాయండీ. అయస్కాంతం వాటి జోలికి రాదు. వేడి తగిలితే విడిపోతాయి. ఒంటరివాటిని అది ఇట్టే లాగేస్తుంది."

"మరి మనల్ని?"

"మనల్నెవరు లాగుతారు!" అని నవ్వింది.

మధ్యాహ్నం ఆమె ల్యాబ్‌లో డేగ దొంగమీసంతో, నూనె మరకల చొక్కాతో అయస్కాంతపు తక్కెడ పక్కన స్పానర్ పట్టుకుని కూర్చున్నాడు. పిల్లికళ్ళ విదేశీయుడొకడు వచ్చాడు. ఆమె అతనికి పొడి ఉన్న గాజుగొట్టం అందించింది. లిప్‌స్టిక్ కూడా వేసుకుంది. ఇంట్లో తల దువ్వుకోవడానికే బద్ధకించేది.

పిల్లికళ్ళవాడు గొట్టాన్ని వేడినీళ్ళలో ముంచాడు. పొడి తెల్లబడింది. దాన్ని తక్కెడకు వేలాడదీసి అయస్కాంతం స్విచ్ వేశాడు. లాగితే ముల్లు దిగాలి.

ముల్లు కదల్లేదు.

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. డేగకు అర్థమైంది. రంగు మారింది, అయస్కాంతం మాత్రం లాగలేదు. అంటే పొడి నకిలీ! తన భార్య వీళ్ళ చెవిలో పువ్వు పెడుతోంది!

పిల్లికళ్ళవాడు పిస్తోలు తీశాడు.

"ఆగండి సార్! ముల్లు పట్టేసింది. పొద్దున్నుంచీ ఇదే గోల," అంటూ డేగ గొట్టాన్ని సవరించాడు. గ్రీజు వేళ్ళకున్న ఇనుప రజనును చాటుగా గొట్టం అడుగున పులిమాడు. మళ్ళీ స్విచ్ వేశారు. ముల్లు సర్రున దిగింది.

"భేష్! మీరూ బయల్దేరండి మేడమ్. మా ల్యాబ్‌లో ఈ పొడి మీ చేత్తోనే చెయ్యాలి," అన్నాడు పిల్లికళ్ళవాడు.

డేగ చెయ్యి టూల్‌బాక్స్‌లోని పిస్తోలు మీదికి వెళ్ళింది. ఆమె చూసింది.

"మెకానిక్ గారూ, అన్నానికి కూర్చునేముందు చేతులు కడుక్కోండి," అంది.

ఇంట్లో రోజూ అనే మాటే. తనని గుర్తుపట్టింది, ఏమీ చెయ్యొద్దంటోంది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె తిరిగి చూడకుండా కారెక్కింది.

"ఆవిడ మన మనిషేనయ్యా," అన్నాడు చీఫ్ ఆ సాయంత్రం. "వాళ్ళ స్థావరం కనిపెట్టడానికే వెళ్ళింది. ముందే చెబితే నీ ముఖమే పట్టించేసేది."

"మరి పిస్తోలు?"

"అందులోవి ఉత్తుత్తి తూటాలు. తక్కెడ దగ్గర తేడా వస్తే నువ్వైతే ఆదుకుంటావని, ఆవిడే నిన్ను పంపమంది."

డేగ వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంటూ వెక్కివెక్కి ఏడ్చాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు.

"తిరిగొస్తుందా సార్?"

చీఫ్ మాట మార్చాడు. "మెకానిక్ వేషం మాత్రం అదిరిందట!"

"వేషం కుదిరింది సార్," అన్నాడు డేగ మీసం పీకేస్తూ. "సొంత కాపురానికే రిపేరు చేతకాలేదు."