నడిపిలాకుల దగ్గర ఆగిన బండి

నడిపిలాకుల దగ్గర బండి ఆపకూడదు. ఈ మాట ఎవరు పుట్టించారో తెలీదుగానీ, భీమవరం వైపు రొయ్యల బళ్ళు తోలే ప్రతి డ్రైవరుకీ ఇది కంఠతా వచ్చు. కాలవ మీద పాత లాకులు, ఆ పక్కనే లాకులు ఎత్తి దించే లస్కరు కోసం కట్టిన పెంకుటిల్లు. ఎప్పుడో ఒక లస్కరు పెళ్ళాం ఆ నీళ్ళలో పడి చచ్చిపోయిందట. అప్పట్నుంచీ ఇల్లు ఖాళీ. చీకటి పడితే తెల్లచీరతో రోడ్డు మీదకొచ్చి చెయ్యి ఊపుతుందట... బండి ఆపినవాడు ఇల్లు చేరడట. ఈమధ్య ఆ ఇంట్లో దీపం కూడా కనిపిస్తోందని ఇంకో ముక్క కలిపారు.

ఇల్లు చేరనివాడు వచ్చి మీకెలా చెప్పాడయ్యా అని అడిగితే, టీకొట్టు దగ్గర అందరూ నా మీద గయ్యిమన్నారు. సరే, బుల్లబ్బాయి చెప్పింది చెప్పినట్టు చెప్తాను. మీరే చూసుకోండి.

బుల్లబ్బాయి వాళ్ళది చేపలు పట్టే కుటుంబం. వల వదిలేసి పికప్ బండి పట్టాడు. ఆరోజు బండి నిండా శ్రీనివాసరాజుగారి రొయ్య సీడు — ఆక్సిజన్ నింపిన సంచుల్లో, చీమంత రొయ్యపిల్లలు. సంచుల్లో గాలి అయిపోయేలోగా చెరువులో పడాలి. మొదటి పంట వైరస్ తినేసింది. ఇదీ పోతే రాజుగారు చెరువు వదులుకోవాల్సిందే. అందుకే ఎవర్నీ నమ్మకుండా ఆయనే వచ్చి డ్రైవరు పక్కన కూర్చున్నారు.

చీకటి పడి కాసేపయింది. లాకుల వంతెన మలుపు వచ్చింది. బుల్లబ్బాయి ఆ ఇంటివైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. గేరు మార్చబోయి క్లచ్ వదిలేశాడు. బండి ఒక్క కుదుపు కుదిపి... ఆగిపోయింది.

"ఏమైందోయ్?"

"ఏంలేదండి... ఆగిందండి."

కీ తిప్పాడు.

టక్.

మళ్ళీ తిప్పాడు. టక్. అంతే, ఇంకో చప్పుడు లేదు.

డీజిలు ఉంది. హారన్ మోగుతోంది. బ్యాటరీ పొద్దున్నే కొత్తది వేయించాడు. తోసి స్టార్ట్ చేద్దామంటే ఎదర వంతెన ఎత్తు, వెనక అంత నీళ్ళ బరువు. ఇద్దరు మనుషులకి అంగుళం కూడా కదలదు. రాజుగారు వెనక్కి తిరిగి సంచుల కేసి చూస్తున్నారు. రెండు నిమిషాలకోసారి చూస్తున్నారు.

బుల్లబ్బాయి మెకానిక్ శివరామకృష్ణకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

"హెడ్‌లైట్లు వేసి కీ తిప్పన్నా. లైటు ఏమవుతుందో చూసి చెప్పు."

లైట్లు వేశాడు. వెలుతురు వంతెన దాటి ఆ ఇంటి గుమ్మం మీద పడింది. గుమ్మంలో ఏదో తెల్లగా ఉంది. ఆరేసిన బట్టేమో అనుకున్నాడు.

కీ తిప్పాడు. టక్... లైట్లు ఆరిపోయాయి. కీ వదిలాడు. మళ్ళీ వెలిగాయి.

గుమ్మంలో ఏమీ లేదు. ఆ తెలుపు వంతెన అవతలి చివర ఉంది.

"ఏమైందన్నా?" ఫోన్లో శివరామకృష్ణ.

"ఆరి... వెలిగాయిరా."

"ఇంకోసారి తిప్పు."

తిప్పకూడదని తెలుస్తూనే ఉంది. చెయ్యి తిప్పేసింది. టక్. చీకటి. మళ్ళీ వెలుతురు...

వంతెన సగానికి వచ్చేసింది. వెలుతుర్లో కదలడం లేదు. చీకట్లోనే కదులుతోంది!

"కరెంటు స్టార్టర్‌కి చేరటంలేదన్నా. బ్యాటరీ టెర్మినల్ దగ్గర పట్టు లేదు. దిగి క్లాంపు విప్పి చూడు."

బుల్లబ్బాయి దిగుతాడా! సీటుకి అతుక్కుపోయాడు. రాజుగారు మాత్రం ఇదేమీ చూడలేదు, ఆయన ప్రాణమంతా సంచుల్లో ఉంది. పానా, టార్చీ లాక్కుని దిగి బానెట్ ఎత్తారు. దాంతో రోడ్డు మొత్తం కనపడకుండా పోయింది. క్లాంపు విప్పగానే లైట్లూ ఆరిపోయాయి. ఇప్పుడు అది ఎంత దూరంలో ఉందో... వచ్చేసిందో...

"రాజుగారండి," అన్నాడు. "వచ్చేయండి... లోపలికి వచ్చేయండి."

"ఉండవోయ్! ఇదేంటి, క్లాంపు లోపలంతా పసుపు?"

బుల్లబ్బాయికి అప్పుడు గుర్తొచ్చింది. కొత్త బ్యాటరీ బిగించేముందు వాళ్ళావిడ వీరవేణి దాని రెండు తలలకీ ఇంత మందాన పసుపు రాసి కుంకుమ పెట్టింది. నడిపిలాకుల మీదుగా పోయే బండాయె, గాలీ ధూళీ సోకకూడదని. ఆ పసుపు మీదే క్లాంపు బిగించేశారు. అది ఎండి పెచ్చుకట్టింది.

రాజుగారు పానాతో గీకి, కండువాతో తుడిచి, క్లాంపు బిగించారు. "ఇప్పుడు కొట్టు!"

బండి ఒక్క దెబ్బకి స్టార్టయింది. రాజుగారు బానెట్ దించారు.

ఆయన భుజం పక్కనే నిలబడి ఉంది.

"బాబుగారూ... పిల్లోడు కళ్ళు తేలేస్తున్నాడండి."

తెల్లచీర కాదు, తెల్ల దుప్పటి. దుప్పట్లో జ్వరంతో కాలిపోతున్న మూడేళ్ళ పిల్లాడు. ఆమె పేరు వీరదుర్గ. లాకులకి కొత్తగా వేసిన లస్కరు భార్య, కిందటి నెలే ఆ ఇంట్లో దిగారు. మొగుడు పైకాలవకి డ్యూటీ మీద పోయాడు, ఉన్న ఒక్క ఫోనూ అతని దగ్గరుంది. లైటు కళ్ళల్లో కొడుతుంటే దారి కనపడక ఆగిందట, ఆరినప్పుడల్లా నడిచిందట.

ఆస్పత్రి వెనక్కి, టౌన్లో ఉంది. చెరువు ముందుకి.

"రాజుగారండి, సీడు..." అన్నాడు బుల్లబ్బాయి.

రాజుగారు సంచుల కేసి ఒక్కసారి చూశారు. "ఎక్కమ్మా. బండి తిప్పవోయ్."

మీ గుండె గుబగుబలాడుతుంటే ముందే చెప్పేస్తున్నా, పిల్లాడు బతికాడు. సీడు సగం పైనే చచ్చిపోయింది. మిగిలినదాంతోనే ఆయన కిందామీదా పడుతున్నారు.

కానీ బుల్లబ్బాయికి ఇప్పటికీ నిద్ర పట్టనిది అందుకు కాదు. దారిలో ఆమె ఇద్దరి మధ్యా కూర్చుని, పిల్లాణ్ణి గుండెకి అదుముకుని అంది...

"పొద్దుగూకినప్పట్నుంచీ ఎన్ని బళ్ళకి చెయ్యి ఊపానో బాబుగారూ. అందరూ హారన్ కొట్టుకుంటూ పోయారండి. మీరొక్కరే ఆగారు."

బుల్లబ్బాయి స్టీరింగ్ ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. టౌను లైట్లు కనపడేదాకా ఇద్దరిలో ఒక్కరికీ, బండి చెడిపోబట్టి ఆగామమ్మా అని చెప్పడానికి నోరు రాలేదు.