బస్సు చక్రం కింద నిమ్మకాయ

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు ఊళ్లో సందుకొక హోటలూ వీధికొక లీడరూ వెలిశారు గాని, ప్రైవేటు డిటెక్టివు మాత్రం ఒక్కడే. ఆయన పేరు పరాంకుశం. విజయదశమి నాడు పొద్దున్నే ఆయన మిద్దె మెట్ల మీద బూట్ల చప్పుడైంది. అసిస్టెంటు ఓబులేసు తలుపు తీశాడు.

ఖాకీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, నిటారుగా నిలబడ్డ మనిషి. పేరు చిన్న ఈరన్న. యుద్ధంలో బర్మా రోడ్ల మీద మిలిటరీ లారీ నడిపాడు. ఇప్పుడు కర్నూలు నుంచి కడపకు తిరిగే గోవిందయ్యశెట్టి గారి బస్సుకు డ్రైవరు.

"నిన్న మద్యాన్నం మా బస్సు కల్లూరు కాడ ఎద్దులబండిని గుద్దింది సామీ. బండాయనకు కాలిరిగింది. గుద్దినోడు ఆపకుండా తెచ్చి షెడ్డులో పెట్టినాడు. ఆ పని నేనే చేసినా అని శెట్టి బస్టాండులో అందరి ముందర అన్యాడు. సాయంత్రం లోపల స్టేషనుకు పోయి ఒప్పుకుంటే జుల్మానా శెట్టే కడతాడంట. లేకుంటే ఆయనే పట్టిస్తాడంట."

"ఒప్పుకుంటే?"

"లైసెన్సు పోతాది. నాకు సెంటు భూమి లేదు, స్టీరింగు తప్ప ఇంకో పని రాదు. అయినా దానికి గాదు సామీ నేనొచ్చింది. చేయని తప్పుకు తల వంచను. అంతే!"

నిన్న మధ్యాహ్నం గదిలో ఒంటరిగా పడుకున్నాడట, సాక్షి లేడు. పరాంకుశం ఇంకేమీ అడగకుండా ఉత్తరీయం భుజాన వేసుకున్నాడు.

షెడ్డులో బస్సు గోడవైపు ముఖం పెట్టి నిలబడి ఉంది. ఎడమవైపు లైటు పగిలింది. దాని గాజుముక్కలు కల్లూరు దగ్గర దొరికాయని కాపలా ఉన్న హెడ్డు కానిస్టేబులు చెప్పాడు. రేడియేటరు మీద బంతిపూల దండ వాడిపోయి ఉంది. చక్రాలకు ఆనించి నిమ్మకాయలున్నాయి.

"ఇదేంది, మొగం గోడకు పెట్టినారు?" అని ఈరన్న చిరాకుపడ్డాడు. "నేను ఎప్పుడూ వెనక్కు తోలి పెడతా. మిలిటరీలో నేర్చింది. బాంబులు పడేటప్పుడు బండి తిప్పుకుంటా కూర్చుంటే పోతాం."

అతని మాట ఎవరికీ పట్టలేదు. బామ్మర్దితో అక్కడే నిలబడ్డ గోవిందయ్యశెట్టి అప్పటికే అందుకున్నాడు.

"నిన్న పొద్దున ఆయుధపూజ చేసి నిమ్మకాయలు నేనే పెట్టినా సామీ. దశమి దాకా బండి కదిలించగూడదు. ఈ మిలిటరీ మనిషికి దేవుడూ లేడు, దయ్యమూ లేదు. హారతిచ్చేటప్పుడు బూట్లు గూడా ఇప్పలా. నిమ్మకాయలు జూసి నవ్వినాడు!"

"నవ్వినా. బ్రేకులు సరిజూసుకుంటే చాలంటి. ఇప్పుడు గూడా అదే అంటా," అన్నాడు ఈరన్న.

"తాళంచెవులు ఎన్ని?" అన్నాడు పరాంకుశం.

"రెండు. ఒకటి వాని దగ్గర, ఇంకొకటి మా దేవుని గూట్లో."

"నిన్న మధ్యాహ్నం మీరెక్కడున్నారు?"

"ఇంటిల్లిపాదీ అమ్మవారిశాల గుడిలో పూజకాడ ఉంటిమి. ఈ మా బామ్మర్ది తిరుమలయ్య ఒక్కడే తలనొప్పని ఇంట్లో పండుకున్యాడు. షెడ్డు చూసుకునేది వీడే."

"నీకు బస్సు నడపడం వచ్చా తిరుమలయ్యా?"

"ఏదో కొంచెం. ఈరన్న నేర్పతా నేర్పతా నిలిపేసినాడు."

"రివర్సు నేర్చుకో అంటే నువ్వే విసుక్కుంటివి గదప్పా," అన్నాడు ఈరన్న.

పరాంకుశం వంగి ఒక నిమ్మకాయ తీసి, తిప్పి చూసి ఓబులేసుకిచ్చాడు. తొడిమ దగ్గరొక సన్నని చిల్లు, అడుగునొకటి. ఓబులేసుకు ఏమీ తోచలేదు గాని, ఆయన చూశాడంటే అందులో ఏదో ఉందని ఒళ్లు పులకరించింది. పరాంకుశం శెట్టిగారింటికి వెళ్లి, పూజగది చూసి వచ్చి, అందరినీ బస్సు ముందుకు పిలిచాడు.

"శెట్టిగారూ, పూజప్పుడు బస్సు ముఖం ఎటుంది?"

"గేటు దిక్కుకు. గుమ్మడికాయ ఆడనే కొట్టినా."

"అలాగే నేరుగా బయటికి పోయింది. వచ్చేటప్పుడు మాత్రం తెచ్చినవాడికి వెనక్కు తోలడం రాలేదు. నేరుగా తెచ్చి గోడకు పెట్టాడు. ఇది సగం సంగతి. మీరు పెట్టిన నిమ్మకాయలు బస్సు కదలగానే నలిగిపోయాయి, తొక్కలు అదిగో మట్టిలో ఉన్నాయి. మరి ఇవెక్కడివి? గుద్దినవాడికి పోలీసుల కంటే దేవుడి భయం పట్టుకుంది. పూజ చెడిందని వేరే కాయలు పెట్టాడు. పండగపూట అంగళ్లన్నీ మూసి ఉన్నాయి. అందుకని దండలోంచి లాగాడు. ఈ చిల్లులు సూదివి. మీ అమ్మవారి పటానికున్న నిమ్మకాయల దండ తెంపి మళ్లీ ముడేసి ఉంది. ఈరన్నను ఆ గదిలోకి రానిస్తారా?"

"ఎట్ల రానిస్తాం సామీ!"

"పైగా దేవుడు లేడనేవాడని మీరే చెప్పారు. అట్లాంటివాడు మనిషి కాలు విరగ్గొట్టి వచ్చి, తీరుబడిగా నిమ్మకాయలు పేరుస్తాడా?"

అందరి కళ్లూ తిరుమలయ్య మీదికి తిరిగాయి. అతను కూలబడ్డాడు.

"నాకు గూడా నడపను వస్తాదని చూపియ్యాలనుకుంటి బావా. ఎద్దులు అడ్డమొచ్చినాయి..."

హెడ్డు కానిస్టేబులు ముందుకొచ్చాడు. గోవిందయ్య గబుక్కున ఈరన్న చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంటి పరువప్పా! ఈ ఒక్కసారికి నీ మీదేసుకో. జీతం రెండింతలిస్తా."

ఈరన్న చెయ్యి విడిపించుకున్నాడు.

"మిలిటరీలో కాల్చమంటే కాల్చినా శెట్టిగారూ, నిలబడమంటే నిలబడినా. ఆ ఉద్యోగం అయిపోయింది. ఈడ నాది బస్సు తోలే పని. మీరు ఆర్డరేస్తే దొంగను గాను. బస్టాండులో నలుగురి ముందర నా మీద నింద వేసినారు. ఈరన్న కాదని ఆడనే చెప్పల్ల. అప్పుడే స్టీరింగు పడతా."

మర్నాడు కొత్త లైటుతో బస్సు స్టాండుకొచ్చింది. గోవిందయ్య మెట్టెక్కి, తల దించుకుని, చెప్పవలసింది చెప్పాడు. ఒక పెద్దాయన వినపడలేదంటే మళ్లీ చెప్పాడు. ఓబులేసుకు ఈలవేయాలనిపించింది.

దిగాక, అలవాటు పోక, శెట్టి జేబులోంచి నిమ్మకాయ తీసి ఈరన్న వంక బెదురుగా చూశాడు.

"పెట్టుకోండి," అన్నాడు ఈరన్న బూట్లతోనే సీట్లోకెక్కుతూ. "నేను బ్రేకులు చూసుకున్యా."

ఓబులేసు ఆగలేక సెల్యూట్ కొట్టాడు. ఈరన్న తిరిగి సెల్యూట్ కొట్టలేదు. కిటికీలోంచి చెయ్యి ఊపి, ఊరంతా వినపడేట్టు హారన్ కొట్టి బస్సును ముందుకు పోనిచ్చాడు.