తొందరపడ్డ ప్రోగ్రాం

"మీ ప్రోగ్రాం నడుస్తాందా, నిద్రపోతాందా?"

అనసూయ నాతో అన్న మొదటి మాట అది. హన్మకొండ చౌరస్తాలో బట్టల షాపు పైన ఉన్న మా కంప్యూటర్ సెంటర్‌లో ఆమె ఆపరేటరుగా చేరి ఇంకా గంట కాలేదు. 1987లో ఊళ్లో ప్రోగ్రాం రాయగలవాళ్లు తక్కువ. ఆ గర్వంతో నేను జుట్టు కూడా పెంచుతున్నాను.

"నడుస్తాంది. పెద్ద పని గదా, టైం పడ్తది," అన్నాను.

ఎనుమాముల మార్కెట్‌లో ఆ రోజు అమ్ముడైన మిరప లాట్లను ఆమె టైపు చేసేది. నా ప్రోగ్రాం ఒక్కో లాటునూ 'రైతు: పోశయ్య, ఊరు: పాలకుర్తి, బరువు ఇంత, రేటు ఇంత' అని విడమరిచి ఫ్లాపీ మీద రాసేది. ఆ ఫ్లాపీ సాయంత్రం బండిలో సికింద్రాబాద్ వ్యాపారులకు చేరాలి. బండి వెళ్లిపోయేది, నా ప్రోగ్రాం ఇంకా రాస్తూనే ఉండేది. నాకేం బాధ లేదు. అది రాస్తున్నంతసేపూ అనసూయ పక్క కుర్చీలో ఉండేది.

ఒకరోజు ఓనరు రాజేశ్వర్ రావు గారు వచ్చారు.

"సోమవారం గూడ ఫ్లాపీ బండి అందుకోకపోతే ఈడ దుకాణం బంద్. మిషిన్ సికింద్రాబాద్ బ్రాంచికి పోతది. అనసూయ గూడ."

మిషిన్ పోతే పోనీ. ఆ రెండో మాటకే ప్రోగ్రాం ముందు కూర్చున్నాను.

బరువును రేటుతో గుణించే లెక్కను పట్టుకుని, శిల్పిలాగా చెక్కాను. నడిపి చూపించాను.

"ఎంత కలిసొచ్చింది?" అన్నాను.

"మీరు రెప్ప కొట్టినంత," అంది అనసూయ. "టైం అంత లెక్కకే పోతాందని మీకెవరు చెప్పిన్రు?"

"అనుభవం."

"దానికి జర రెస్ట్ ఇయ్యున్రి. ఫ్లాపీ మీద రాయకుండ ఒక్కపారి నడిపి చూద్దాం."

నడిపాం. 'దానివల్ల ఏం లాభం' అనే నా వాక్యం పూర్తికాకముందే అయిపోయింది.

ఫ్లాపీ డ్రైవు ప్రతి మాటకూ ఎర్రదీపం వెలిగించి కిర్రుమంటుందని నాకు ముందే తెలుసు. అనసూయ పక్కనుంటే ఆ చప్పుడు కూడా సంగీతంలా ఉందని మురిశాను తప్ప, దొంగ అదేనని తట్టలేదు.

"ఒక్కో మిరపకాయ చేతుల పట్టుకొని కాంటా కాడికి ఉరుకుతాండ్రు మీరు," అంది. "బస్తా నింపి ఒక్కపారే తీస్కపోరాదా?"

బస్తా నింపాం. అంటే మెమరీలో కాస్త జాగా తీసి, అక్షరాలన్నీ అందులో పోసి, నిండాక ఫ్లాపీ మీదకి ఒకేసారి దించాం. 'రైతు', 'ఊరు' అనే మాటలను ప్రతి లాటుకూ కొత్తగా కూర్చకుండా ముందే తయారుచేసి పెట్టుకున్నాం. అంకెలను పదితో భాగించి భాగించి అక్షరాలుగా మార్చే బదులు, సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకా అంకెల జంటలను అక్షరాలుగా ముందే రాసి ఉంచి ఏరుకున్నాం. ఈ చివరిది నా ఆలోచన. దయచేసి గుర్తుంచుకోండి, ఈ కథలో నాకు దక్కిన క్రెడిట్ అదొక్కటే.

సోమవారం సాయంత్రం గాలివాన మొదలైంది. కరెంటు పోతుందేమోనని అనసూయ బల్బు వైపు చూస్తోంది. నేను అనసూయ వైపు చూస్తున్నాను. ఆమె బటన్ నొక్కింది. నేను చాయ్ చెప్పాను. చాయ్ రాకముందే ఫ్లాపీ చేతికొచ్చింది. బండి అందింది.

రాజేశ్వర్ రావు గారు నా భుజం తట్టారు. "శభాష్ సారంగపాణీ. దుకాణం ఈడనే ఉంటది. అనసూయ గూడ."

నేను గాల్లో తేలుతుండగా ఆయన కాస్త ఆలోచించారు.

"గని ప్రోగ్రాం అయిపాయె. బటన్ అనసూయ నొక్కుతది. ఇగ నువ్వెందుకు?"

ప్రోగ్రాంలోంచి పనికిరానివన్నీ ఏరి తీసేశాను. చివరికి మిగిలింది నేనే.

వాన తగ్గుతుందేమోనని మెట్ల కింద నిలబడ్డాను. అనసూయ గొడుగు పట్టుకుని దిగివచ్చింది.

"మళ్ల పైకి పోయి దాన్ని నెమ్మది చెయ్యాలని ఉన్నదా?"

"ఉన్నది. గని మీరు సికింద్రాబాద్ పోతరు."

"అందుకేనా దాన్ని గంతగనం ఉరికిచ్చింది?"

"అందుకే."

ఆమె గొడుగు విప్పి సగం నా వైపు జరిపింది. ఆ సగం ఎవరికీ సరిపోక ఇద్దరం తడిశాం.

"రేపు మా బాపును కలువున్రి. ఎనుమాముల మార్కెట్ల రైతుల సరుకు అమ్మిచ్చే అడ్తి దుకాణం."

"నౌకరి లేదని చెప్పాల్నా?"

"ఎందుకు పోయిందో గూడ చెప్పున్రి."

మర్నాడు వెళ్లేసరికి వాళ్ల నాన్న వెంకటయ్య గారు మిరప బస్తాల మధ్య కూర్చుని ఉన్నారు. నేను తుమ్మాను. ఆయన ఓపికగా ఆగారు.

"ఏం పని చేస్తవు బిడ్డా?"

"ఇప్పుడైతే ఏం లేదండీ."

"ఉన్నది ఎట్ల పోయింది?"

తుమ్ముల మధ్య జాగా దొరికినప్పుడల్లా చెప్పాను. ఆయన కాంటా మీది బస్తా దింపించి నా వైపు తిరిగారు.

"పిల్లను ఊర్లె ఉంచెటందుకు నౌకరి పోగొట్టుకున్నవన్నట్టు."

"పోతదని తెల్వదండీ. తెలిసినా చేసేటోణ్ణే."

గల్లా పక్కన నిలబడ్డ అనసూయ తలెత్తి చూసింది. వెంకటయ్య గారు ముందు కూతుర్ని, తర్వాత నన్ను చూశారు.

"మంచిది. ఇంకో నౌకరి చూస్కో, అటెన్క పెండ్లి మాట్లాడుదాం," అన్నారు. "ఈపారన్న జర నిదానంగ నడిచే పని చూడు."

అనసూయ నవ్వు ఆపుకోలేక, నెపం మిరప ఘాటు మీద పెట్టి తుమ్మింది.