నాదపటం పలికిన మెత్తని మాట

"ఇప్పుడు ఊపిరి బాగా పీల్చి, ఒక్క క్షణం బిగబట్టండి," అని గది పలికింది.

బల్ల మీద పడుకున్న మైలపల్లి ఎర్రయ్య ఊపిరి బిగబట్టాడు. వల రాళ్లకు చిక్కుకుంటే సముద్రంలో మునిగి విడిపించుకుని వచ్చే మనిషికి అది కష్టమైన పని కాదు. కష్టమంతా పొత్తికడుపు దగ్గర ఉంది. స్కానుకు ముందు కడుపునిండా నీళ్లు తాగాలనీ, తాగినవి ఆపుకోవాలనీ ఆసుపత్రివారు చెప్పారు. మూత్రాశయం నిండి ఉంటేనే దాని ఆకారం స్పష్టంగా తెలుస్తుంది. అయితే పరీక్ష అంటే పరగడుపున వెళ్లడమే ఎరిగిన పల్లె అతనిది. నీళ్లు తాగమన్నప్పుడే అతనికి ఎందుకో అనుమానం కలిగింది.

అతని నడుముకు చుట్టి ఉన్నది నాదపటం. తడిపిన నూలు దుప్పటిలా మెత్తగా, గోరువెచ్చగా ఉంటుంది. పూర్వం అల్ట్రాసౌండ్ స్కాన్ చేసే టెక్నీషియన్ చల్లని జెల్ పూసి, ప్రోబ్‌ను పక్కల మీదా వీపు మీదా జరుపుతూ తెరను చూసేవాడు. నాదపటం నేతలో ఆవగింజలంత ప్రోబ్‌లు వేలకొద్దీ ఇమిడి ఉన్నాయి. అవి మన చెవికి అందని ధ్వనిని ఒంట్లోకి పంపుతాయి, మూత్రపిండాలను తాకి తిరిగివచ్చే ప్రతిధ్వనిని వింటాయి. నూతిలోకి కేక వేసి, మారుమోగిన తీరును బట్టి నీరు ఎంత లోతున ఉందో చెప్పగలిగే మనిషిని ఊహించుకుంటే చాలు. సూది లేదు, నొప్పి లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు. కిడ్నీ ఎంత పొడవుంది, పైపొర పలచబడిందా, రాయి ఉందా, నెత్తురు సాఫీగా పారుతోందా అన్నవన్నీ తేల్చి, ఎదురుచూపు లేకుండా రోగికే చెప్పేస్తుంది.

ఆ చివరి గుణమంటేనే డాక్టర్ సువర్చలకు మక్కువ. నాదపటాన్ని రూపొందించింది ఆమే. పాత పద్ధతిలో టెక్నీషియన్ నోరు విప్పేవాడు కాదు. బల్ల మీది మనిషి అతని ముఖం చూసి తన ఆయువును లెక్కగట్టుకునేవాడు. టెక్నీషియన్‌కు పంటినొప్పి వచ్చినా రోగికి గుండె జారేది. ముఖమే లేని గదిలో భయం ఉండదని సువర్చల నమ్మింది. అందుకే యంత్రానికి ఎంతో వెతికి ఒక మెత్తని కంఠాన్ని ఎంచింది.

"ఎర్రయ్యగారూ, మీ మూత్రపిండాలు రెండూ చక్కగా ఉన్నాయి. ఏ లోపమూ లేదు. నిశ్చింతగా ఉండండి," అన్నది ఆ కంఠం.

ఎర్రయ్య ముఖం పాలిపోయింది.

అతని భార్య నూకాలు రెండు కిడ్నీలూ చెడిపోయి అదే ఆసుపత్రిలో డయాలసిస్ మీద ఉంది. ఆ చికిత్సను ఆమె ఒళ్లు ఇక తట్టుకోలేకపోతోంది. వానలు పడేలోగా ఎవరైనా కిడ్నీ ఇస్తే బతుకుతుందని వైద్యులు చెప్పారు. ఆమె తమ్ముడు అప్పన్న నెత్తురు సరిపడలేదు, భర్తది సరిపడింది. స్కాన్ బాగుంటే మిగిలిన పరీక్షలు మొదలుపెట్టాలి.

ఎర్రయ్య ముందు మరుగుదొడ్డికి పరుగెత్తి, తర్వాత వసారాలో ఉన్న బావమరిది దగ్గరకు వచ్చి, బయట నీకేమి చెప్పారని అడిగాడు. తనకెవరూ ఏమీ చెప్పలేదన్నాడు అప్పన్న. అది నిజమే. కాని ఎర్రయ్య అతని వంక జాలిగా చూశాడు. పాపం, అబద్ధమాడడం కూడా చేతకాని కుర్రవాడనుకున్నాడు.

మర్నాడు కిడ్నీ ఇవ్వనని కబురు పంపాడు. కోతకు భయపడ్డాడని వార్డులో అందరూ చెప్పుకున్నారు. నూకాలు గోడవైపు తిరిగి పడుకుంది. సువర్చల అతన్ని తన గదికి పిలిపించింది.

"భయంగా ఉందా ఎర్రయ్యా?"

"కత్తికి నాను బయపడను డాట్రమ్మా. పాడైపోయిన సరుకుని ఆడమనిసికి అంటగట్టీమంటారేటి?"

"పాడైందని ఎవరన్నారు?"

"మీ మిసనే అన్నాది కదా. నిచ్చింతగా ఉండమంది. మా అయ్యకీ అలగే సెప్పేరు. మా సిన్నాన్నకీ అలగే సెప్పేరు. ఇద్దరూ ఆ మాట ఇని మళ్లీ వల ముట్టనేదు."

సువర్చలకు అప్పుడు అర్థమైంది. ఆ తీరంలో చావుకబురును రోగి చెవిన వేయరు. అసలు సంగతిని వసారాలో బంధువులకు చెప్పి, లోపల మంచం మీది మనిషికి తీపి మాట వడ్డిస్తారు. బతికేవాణ్ని మాత్రం నీళ్లు తాగవేమని, ఎండుచేప మానవేమని నలుగురిలో కడిగేస్తారు. అమ్మమ్మలు చెప్పే కథల్లోనూ అంతే. అడవిలో తీయగా పిలిచేది రాక్షసి, గుమ్మంలో నిలబడి కసిరేది కన్నతల్లి.

ఆమె ఆరా తీసింది. నాదపటం ఆరోగ్యవంతులని తేల్చినవారిలో ఒకాయన పడవను తమ్ముడికి ఒప్పగించి తీర్థయాత్రలకు వెళ్లిపోయాడట. ఒకావిడ మనుమరాలి పెళ్లి కళ్లారా చూసి పోతానని ముహూర్తం ముందుకు జరిపించిందట. ఎర్రయ్యకు అతని కిడ్నీల చిత్రం చూపించి, ప్రతి గీతనూ విడమరిచి చెప్పింది. బొమ్మా మీదే, మాటా మీదే కదమ్మా అన్నాడతను, మర్యాదగానే.

నగరంలోని ఇంజనీర్లను అడిగి ఆమె యంత్రానికి తిట్లు రాయించింది. "మీరు తగినంత జలము సేవించకపోవుట మిక్కిలి విచారకరము," అని నాదపటం మందలించింది. ఎర్రయ్య చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు. సంతాపసభ అనుకున్నాడు.

అప్పటికి అసలు కారణం అప్పన్న ద్వారా నూకాలు చెవిన పడింది. నెలల తరబడి మూలుగు తప్ప మాట లేని ఆ మనిషి, గొట్టాలు తగిలించి ఉండగానే మోచేతి మీద లేచి భర్తను పిలిపించింది.

"నీ జిమ్మడ, నాను సచ్చిపోతంటే నీకు సాస్త్రాలు కావలసి వచ్చినాయేటయ్యా? నిన్ను బాగున్నావంటే ఏడుస్తావు, బాగునేవంటే ఏడుస్తావు. గేదెలాగున్నావు. నీకేటి రోగం? పో, పోయి నీళ్లు తాగు, మళ్లీ తీయించుకో."

ఎర్రయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఎన్నాళ్లకో అతని ముఖంలోకి నెత్తురు వచ్చింది.

గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా విన్న సువర్చల, ఆ గొంతును యంత్రానికి ఇస్తావా అని నూకాలును అడిగింది. ఆఖరికి మిసనుకి తిట్లు కూడా నానే నేర్పాలా అని విసుక్కుంటూనే ఆమె ఒప్పుకుంది. రెండోసారి స్కానులో, రెండు కిడ్నీలూ నిగనిగలాడుతున్నాయి గాని నీళ్లు తాగకపోతే మక్కెలిరగ్గొడతానని నాదపటం నూకాలు గొంతుతో చెప్పింది. ఎర్రయ్య బల్ల దిగి, కాగితాలు ఎక్కడున్నాయి, వేలిముద్ర వేస్తానన్నాడు.

మిగిలిన పరీక్షలు గడిచాయి. శస్త్రచికిత్స జరిగింది. ఎర్రయ్య కిడ్నీ నూకాలు ఒంట్లో కుదురుకుని, తొలి వానలకు ముందే పని మొదలుపెట్టింది.

ఆ తర్వాత తీరమంతటా నాదపటాలు నూకాలు గొంతుతో ఆరోగ్యవంతులను తిట్టసాగాయి. జబ్బు కనిపించినప్పుడు మాత్రం యంత్రం నోరు మెదపదు, అక్కడి డాక్టరే వచ్చి పక్కన కూర్చుని ఉన్న సంగతి చెప్పాలి. తిట్లు తిన్నవారు నవ్వుకుంటూ బయటికి వచ్చేవారు. నన్ను దున్నపోతంది అంటే, నన్ను అడ్డగాడిదంది అని వసారాలో గొప్పలు చెప్పుకునేవారు.

కిడ్నీ ఇచ్చినవారు అప్పుడప్పుడు స్కాన్ చేయించుకోవాలి. ఎర్రయ్య వచ్చాడు. మిగిలిన ఒక్క కిడ్నీ దిట్టంగా ఉంది, తిట్లు తిని వెళ్లాడు. వారం తిరగకుండా మళ్లీ వచ్చాడు. ఆ పై వారం మళ్లీ వచ్చి వరుసలో నిలబడ్డాడు. నొప్పి ఏమైనా ఉందా అని సువర్చల అడిగింది.

"నొప్పి నేదమ్మా. ఇంటికాడ అది మారిపోనాది. గంజి సల్లారిపోతాది, తాగయ్యా అంటాది. మొన్న కొత్త వల సింపీసినాను. పోన్లే, నువ్వు బాగుంటే సాలంది." అతను గొంతు తగ్గించాడు. "నిజం సెప్పండి డాట్రమ్మా. నా గురించి దానికి బయట ఏటి సెప్పేరు?"

ఏమీ చెప్పలేదని సువర్చల ఎన్ని విధాల చెప్పినా అతను వినయంగా తల ఊపాడే తప్ప నమ్మలేదు. ఆమె వసారాలోకి వెళ్లి, అతనితో వచ్చి కూర్చున్న నూకాలును పక్కకు పిలిచింది. నీ మొగుడిని వారానికి ఒక్కసారైనా మునుపటిలా తిట్టమని బతిమాలింది.

నూకాలు పొత్తికడుపు మీద, కొత్త కిడ్నీ ఉన్న చోట అరచేయి ఆనించుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నన్ను బతికించిన మనిసమ్మా. ఏ నోటితో తిట్టమంటారు?" అన్నది, ఎంతో మెత్తగా.

గాజుతలుపు లోపలి నుంచి ఎర్రయ్యకు మాటలు వినబడలేదు. డాక్టరమ్మ తన భార్యను బయట పక్కకు పిలిచి ఏదో చెప్పడం, ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకోవడం మాత్రం కనబడ్డాయి. అతను సంచిలోంచి సీసా తీసి, నీళ్లు ఆఖరి చుక్కదాకా తాగి, వరుసలో తన ముందున్నవారిని కొంచెం త్వరగా కదలమన్నాడు.