ఆగ్నేయ మూలలో ఓవెన్

కమలాకర్ సార్ నాకు పని ఇచ్చాడు. చెల్లెలు పోతే అక్కకు దారి చూపించాడని తార్నాకలో అందరూ మెచ్చుకున్నారు. నేనూ చేతులు జోడించి థాంక్స్ సార్ అన్నాను. లోపల మాత్రం కడుపు మండిపోయేది.

నా చెల్లెలు నవనీత వాడి బేకరీలోనే, ఓవెన్ ముందు నిలబడి పని చేస్తూ చచ్చిపోయింది. గుండె ఆగిందన్నాడు. పుట్టినప్పటి నుంచే గుండె వీక్ అయ్యుంటుంది, మీరే చూసుకోలేదు అని మా అమ్మానాన్నల ముఖం మీదే అన్నాడు. అమ్మ ఇప్పటికీ తనను తానే తిట్టుకుంటుంది.

బేకరీ ఖాళీ చేస్తున్న రోజు నేను వెళ్లి చూశాను. ఫాల్స్ సీలింగ్ షీట్లు దించుతున్నారు. ఓవెన్ పొగ గొట్టం బయటికి పోలేదు. సీలింగ్ లోపలే ఆగిపోయింది. చుట్టూ నల్లటి మసి. వాస్తు ప్రకారం నిప్పు ఆగ్నేయంలోనే ఉండాలని ఓవెన్‌ను ఆ మూలకు జరిపించాడట. ఆ మూలకు బయటి గోడే లేదు. పైగా ఏసీ చల్లదనం పోతుందని తలుపులు మూయించేవాడు. నా చెల్లెలు నోట్లో నాలుక లేని పిల్ల, మూసిన గదిలోనే నిలబడింది.

ఇప్పుడు వాడు యూనివర్సిటీ క్యాంటీన్ నడపడానికి తీసుకున్నాడు. నాకు పని ఇచ్చింది ఇక్కడే, అదే ఓవెన్ ఇక్కడికే వచ్చింది. ఇక్కడా ఆగ్నేయ మూలే. గొట్టం ఇక్కడా సీలింగ్‌లోకే.

ఓపెనింగ్‌కు ముందురోజు సాయంత్రం. వాన మొదలైంది. పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని హాస్టళ్లకు ఉరికారు. క్యాంటీన్ రేకుల మీద చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను లాలాపేటలో ఉన్న నాన్నకు ఫోన్ కలిపి, కట్ చేయకుండా ఏప్రాన్ జేబులో వేసుకున్నాను. వాడిని ఆ గదిలో కాసేపు నిలబెడితే భయంతో నిజం కక్కుతాడని నా ఆశ. అమ్మానాన్నలకు ఆ నిజం వాడి నోటి నుంచే వినిపించాలి.

"సార్, ఓవెన్ వెలిగించి చూద్దాం," అన్నాను. వచ్చాడు. వెలిగించాడు. నేను తలుపు దగ్గరికి వేశాను. గడియ పెట్టలేదు.

"పొగ ఎటు పోతది సార్?"

"పైకి పోతది. నీకెందుకు?"

"బయటి గోడ గాడ ఉన్నది కద. ఓవెన్ గాడనే పెడితే మంచిగుంటది."

"గా మూల వాయువ్యం. గాడ నిప్పు పెడ్తరా ఎవరన్న? నీ పని నువ్వు చూస్కో."

ఒళ్లు మండింది. ఏదో అనబోయాను. అప్పుడు వెనీలా వాసన వచ్చింది. తియ్యగా, వేడిగా... ట్రే ఇంకా లోపల పెట్టనే లేదు.

పైన ఎవరో దగ్గారు.

సన్నటి దగ్గు. సీలింగ్ లోపల నుంచి. వాడు తల ఎత్తాడు. దగ్గు గొట్టం వెంట మెల్లగా కిందికి దిగుతోంది... ఓవెన్ వెనక్కి వచ్చింది... ఆగింది.

వాడు తలుపు దగ్గరికి ఉరికాడు. హ్యాండిల్ తిరగలేదు. నీలం మంట పసుపుగా మారింది. నా కణతలు కొట్టుకుంటున్నాయి.

"సార్... తల తిరుగుతున్నది... తలుపు తీయనా?"

నా చెల్లెలి గొంతు. అంతే మెల్లగా, అంతే భయంగా.

వాడు హ్యాండిల్ వదిలేసి ఓవెన్ వైపు తిరిగాడు. "ఆ రోజు అడిగినవ్ నవనీతా... నేనే వద్దన్న... గుండె కాదు, గ్యాసే. నాకు తెలుసు. తెలిసే అబద్ధం చెప్పిన. నన్ను ఇడిసిపెట్టు..."

జేబులో నుంచి నాన్న ఏడుపు వినిపించింది.

చెవి పక్కనే వేడి ఊపిరి.

"అక్కా... నువ్వు బయటికి పో."

నా వెనక తలుపు తెరుచుకుంది. అడుగు బయట పెట్టానో లేదో మూసుకుపోయింది. వాడు లోపలే ఉన్నాడు. నాకు కావాల్సింది నిజం, అది దొరికింది. వానలో క్యాంటీన్ వెనక్కి పరిగెత్తి, సిలిండర్ల వాల్వు కట్టేశాను. తిరిగి వచ్చి తలుపు అద్దంలో నుంచి చూశాను.

మంట ఆరలేదు.

గ్యాస్ లేదు... అయినా మండుతోంది. వాడు తలుపు కింది సందులో మూతి పెట్టి గాలి కోసం పాకులాడుతున్నాడు.

"నవనీతా, చాలు. నాన్న విన్నడు. ఇగ చాలు," అని తలుపు మీద చేతులు పెట్టి బతిమాలాను. నాకు దాని మీద ప్రేమ పోలేదు గానీ, మొదటిసారి దాన్ని చూసి భయమేసింది.

వాచ్‌మన్లు తలుపు పగలగొట్టేసరికి వాడు ప్రాణంతోనే ఉన్నాడు.

వారం తర్వాత హబ్సిగూడలో వాడున్న నర్సింగ్ హోమ్‌కు వెళ్లాను. మూడో అంతస్తు గది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టినా వాడు గాలి లేదన్నట్టు కిటికీ వైపే చేయి చూపిస్తున్నాడు.

"ఎన్నిసార్లు తెరిచినా మూసుకుపోతున్నదమ్మా ఈ కిటికీ. ఏందో మరి," అంది నర్సు, మందులు పెట్టి బయటికి పోతూ.

నేను కిటికీ రెక్క బయటికి తోశాను. సగం తెరుచుకుంది. అక్కడ ఆగింది. గాలి లేదు, బయట నిలబడటానికి గట్టు కూడా లేదు. అయినా అవతలి నుంచి ఎవరో తోస్తున్నారు. అద్దం వేడిగా ఉంది.

నాకంటే తక్కువ బలమే. ఇంకొంచెం గట్టిగా తోస్తే తెరుచుకునేది.

మంచం మీద నుంచి వాడు నాకు రెండు చేతులు జోడించాడు.

నేను చెయ్యి తీసేశాను. రెక్క మెల్లగా వచ్చి మూసుకుంది. గడియ దానంతట అదే పడింది.